ఓటరుకు చూపే ఖర్చు అంచనా: చట్టపరిశీలన ఎంతవరకు?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం.

అమెరికా ఎన్నికలంటే మన పత్రికల్లో ఎక్కువగా అధ్యక్ష పదవికి పోటీపడేవారి గురించే వార్తలు వస్తాయి. అది సహజమే. అయితే ఇక్కడి బ్యాలెట్ కాగితంపై అభ్యర్థుల పేర్లతోపాటు, పౌరులు తామే సంతకాలు సేకరించి ప్రజల తీర్పుకు పెట్టిన చట్ట ప్రతిపాదనలూ రాజ్యాంగ సవరణలూ ఉంటాయనీ, ఒక్కోసారి అభ్యర్థుల గెలుపోటముల కంటే వాటి ప్రభావమే ఎక్కువ కాలం నిలుస్తుందనీ మన పాఠకుల్లో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. మిస్సోరి రాష్ట్రంలో, ముఖ్యంగా సెయింట్ లూయిస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో పౌరసత్వం పొంది ఓటు వేస్తున్నవారు చాలామందే ఉన్నారు. నేనూ వారిలో ఒకణ్ణి. వృత్తిరీత్యా జమాఖర్చులు చూసేవాణ్ణి. పౌరుల ప్రతిపాదన కింద ముద్రించే ఖర్చు అంచనాను ఎవరు వేయాలి, దాన్ని చట్టపరంగా పరిశీలించే అధికారి ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు అన్న ప్రశ్నపై 2023లో ఈ రాష్ట్రంలో పెద్ద వివాదమే నడిచింది. దాని గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ముందు పద్ధతి చెప్పాలి. మిస్సోరి ప్రజలకు సొంతంగా చట్టాన్నీ రాజ్యాంగ సవరణనూ ప్రతిపాదించే హక్కు 1908 నుంచి ఉంది. ప్రతిపాదన తయారుచేసినవారు దాన్ని రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు సమర్పిస్తే, ఒక ప్రతి రాష్ట్ర ఆడిటర్‌కు వెళుతుంది. ఆ ప్రతిపాదన నెగ్గితే రాష్ట్ర ప్రభుత్వానికీ స్థానిక సంస్థలకూ ఎంత ఖర్చు పడుతుందో, ఎంత ఆదా అవుతుందో ఆడిటర్ 20 రోజుల్లో అంచనా వేసి, వివరమైన ఆర్థిక ప్రభావ పత్రంతోపాటు ఒక సారాంశం కూడా రాయాలి. సారాంశం 50 పదాలు మించకూడదు. అది వాదనలా ఉండకూడదనీ, ప్రతిపాదనకు అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ఓటరు మనసును ముందే మళ్లించేలా ఉండకూడదనీ చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ తర్వాత అది రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ దగ్గరికి వెళుతుంది. ఆయన 10 రోజుల్లో దాని చట్టపరమైన విషయాన్నీ రూపాన్నీ చూసి ఆమోదించాలి. ఈ ఆమోదం వచ్చాకే సెక్రటరీ ఆఫ్ స్టేట్ అధికారిక బ్యాలెట్ శీర్షికను (తాను రాసిన ప్రతిపాదన సారాంశం, ఆడిటర్ రాసిన ఖర్చు సారాంశం కలిసినదాన్ని) ధ్రువీకరిస్తారు. ఆ శీర్షిక జతచేసిన పిటిషన్ కాగితాలపైనే సంతకాలు సేకరించాలి. అంటే అటార్నీ జనరల్ సంతకం ఆగితే లక్షలమంది ఓటర్ల సంతకాల సేకరణ మొదలే కాదు.

2023 మార్చిలో గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలంటూ 11 రూపాల్లో ప్రతిపాదనలు దాఖలయ్యాయి. ఆ హక్కు ఉండాలా వద్దా అన్న చర్చ ఈ లేఖ ఉద్దేశం కాదు. దానిపై మన ఇళ్లలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, ఉంటాయి. నా పట్టింపంతా ఖర్చు అంచనా గురించే. ఆడిటర్ స్కాట్ ఫిట్జ్‌ప్యాట్రిక్ రాష్ట్ర శాఖలనూ స్థానిక సంస్థలనూ అడిగి, వచ్చిన సమాధానాలను క్రోడీకరించారు. రాష్ట్ర సంస్థలు తమకు ఖర్చు గానీ ఆదా గానీ ఉండదని, అయితే ప్రభావం ఎంతో తెలియదని చెప్పాయి. స్థానిక సంస్థలకు పన్ను రాబడి తగ్గడం వల్ల ఏటా కనీసం 51 వేల డాలర్ల భారం పడుతుందని ఆడిటర్ రాశారు. అటార్నీ జనరల్ ఆండ్రూ బెయిలీ దీన్ని ఆమోదించడానికి నిరాకరించారు. పేదలకు ప్రభుత్వ వైద్య బీమా ఇచ్చే మెడికెయిడ్ పథకం కింద ఫెడరల్ ప్రభుత్వం నుంచి వచ్చే నిధులు పోయే ప్రమాదం ఉందనీ, నష్టం వందల కోట్ల డాలర్ల స్థాయిలో ఉంటుందనీ, ఆ సంఖ్య ఓటరుకు కనబడాలనీ ఆయన పట్టుబట్టారు. ఆ వివాదంలో ప్రధానంగా వినబడిన సంఖ్య 1,250 కోట్ల డాలర్లు.

ఇద్దరిదీ ఒకే పార్టీ. ఇద్దరూ గర్భస్రావానికి వ్యతిరేకులే. అయినా ఆడిటర్ తన అంచనా మార్చడానికి ఒప్పుకోలేదు. వ్యక్తిగతంగా ఆ ప్రతిపాదన తనకు నచ్చకపోయినా, ఆధారం లేని నష్టాన్ని తన సంతకంతో ఓటరు ముందు పెట్టలేనని ఆయన అటార్నీ జనరల్‌కు జవాబు రాశారు. ఆయన రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. కానీ జమాఖర్చులు చూసే వృత్తిలో ఉన్నవాడిగా ఆ జవాబును నేను ఎంతో గౌరవిస్తున్నాను. పైవారి నుంచి, తోటివారి నుంచి, సొంత పక్షం నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు సంఖ్య మీద నిలబడటం ఎంత కష్టమో ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఈ తగాదాలో అటార్నీ జనరల్ వైపు ఉన్న వాదనను కూడా న్యాయంగా చెప్పాలి. సారాంశం చట్టం పెట్టిన షరతులకు లోబడి లేదని అటార్నీ జనరల్ గానీ రాష్ట్ర రాజధాని ఉన్న కోల్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) సర్క్యూట్ కోర్టు గానీ తేల్చితే దాన్ని ఆడిటర్‌కు తిప్పి పంపాలని, ఈ పద్ధతిని చెప్పే చట్టం సెక్షన్‌లోనే ఉంది. మరి లెక్కే తప్పుగా ఉందని అటార్నీ జనరల్ నమ్మినప్పుడు, తప్పు లెక్క కింద తన ఆమోదముద్ర ఎలా వేస్తారు అన్నది ఆయన ప్రశ్న. పైకి చూస్తే ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ తిప్పి పంపడానికి చట్టం చెప్పిన షరతులు ఏమిటో చూస్తే దాని బలహీనత బయటపడుతుంది. 50 పదాల పరిమితి, వాదన లేని భాష, ఖర్చు లేదా ఆదా గురించి చెప్పి ఉండటం: ఇవన్నీ కాగితం చూసి తేల్చగల విషయాలు. అంచనా వేయడమనే పనిని చట్టం ఆడిటర్‌కు మాత్రమే అప్పగించింది. నోటరీ దగ్గరికి ఒప్పందపత్రం తీసుకెళితే ఆయన సంతకాలు చేసినవారెవరో చూస్తారు, పత్రం సక్రమంగా ఉందో లేదో చూస్తారు. అందులో రాసుకున్న ధర తనకు తక్కువగా అనిపించిందని ముద్ర వేయకుండా కూర్చోరు.

2023 జూన్‌లో కోల్ కౌంటీ సర్క్యూట్ కోర్టు ఇదే చెప్పి, 24 గంటల్లో ఆమోదం ఇవ్వాలని ఆదేశించింది. అటార్నీ జనరల్ అప్పీలుకు వెళ్లారు. జూలై 20న మిస్సోరి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కింది కోర్టు తీర్పును ఖరారు చేసింది. ఆడిటర్ వేసిన ఆర్థిక అంచనాను ప్రశ్నించే అధికారం ఆ సెక్షన్ అటార్నీ జనరల్‌కు ఎక్కడా ఇవ్వలేదని తేల్చింది. ఆయన తన విధిని సకాలంలో నెరవేర్చి ఉంటే శీర్షికల ధ్రువీకరణ దాదాపు 100 రోజుల ముందే పూర్తయ్యేదని కూడా కోర్టు గుర్తుచేసింది.

ఆ 100 రోజుల దగ్గరే కాసేపు ఆగాలి. తీర్పు సరైనదే. కానీ సరైన తీర్పు వచ్చేసరికి మూడు నెలలకు పైగా కాలం కరిగిపోయింది. ఇక్కడ సంతకాల సేకరణకు గడువు ఉంటుంది. 2024 ఎన్నికకు అది మే మొదటి వారం. రాజ్యాంగ సవరణ ప్రతిపాదనకు రాష్ట్రంలోని 8 పార్లమెంటు నియోజకవర్గాల్లో కనీసం 6 చోట్ల, గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 8 శాతానికి సమానమైన సంతకాలు కావాలి; మొత్తం మీద సుమారు 1,71,000. ఎండల్లో సంతల దగ్గర, గ్రంథాలయాల ముందు, విశ్వవిద్యాలయాల ఆవరణల్లో బల్లలు వేసుకుని నిలబడి ఒక్కొక్కరికీ వివరించి సంతకం తీసుకోవాల్సిన పని ఇది. అందులో మూడు నెలలు పోవడమంటే వేసవి మొత్తం పోవడమే. ఆమోదం వచ్చాక కూడా సెక్రటరీ ఆఫ్ స్టేట్ రాసిన సారాంశ వాక్యాలపై మరో దావా నడిచింది. ఆ ప్రతిపాదన చేసినవారు చివరికి 2024 జనవరిలో సేకరణ మొదలుపెట్టి మే నాటికి 3,80,000కు పైగా సంతకాలు సమర్పించగలిగారు. వారికి నిధులు ఉన్నాయి, కార్యకర్తలు ఉన్నారు, పెద్ద న్యాయవాద సంస్థల అండ ఉంది. ఇవేవీ లేని రైతుల బృందమో, చిన్న ఊరి ఉపాధ్యాయుల సంఘమో అదే 100 రోజులు కోల్పోతే ఆ ప్రతిపాదన అక్కడే ముగిసిపోయేది. కోర్టులో గెలిచినా బ్యాలెట్‌కు చేరలేకపోతే ఆ గెలుపు ఎవరికి పనికొస్తుంది? పదో రోజు దాటితే ఏమవుతుందో ఆ చట్టం చెప్పకపోవడమే దీనికంతటికీ మూలం. గడువులోపు అటార్నీ జనరల్ సంతకం చేయకపోయినా, కారణాలు రాసి తిప్పి పంపకపోయినా ఆమోదం ఇచ్చినట్టే భావించాలని ఒక్క వాక్యం చేరిస్తే చాలు, ఈ లొసుగు మూసుకుపోతుంది.

మరి అంచనా నిజంగానే తప్పయితే? దానికి దారి లేకపోలేదు. బ్యాలెట్ శీర్షిక ధ్రువీకరణ అయిన 10 రోజుల్లోపు ఏ పౌరుడైనా కోల్ కౌంటీ కోర్టులో దావా వేసి, ఆర్థిక సారాంశం సరిపోయేంతగా లేదనీ న్యాయంగా లేదనీ వాదించవచ్చు. గర్భస్రావ ప్రతిపాదనను వ్యతిరేకించినవారు ఆ దారిలోనే వెళ్లారు. 2023లోనే కింది కోర్టూ అప్పీలు కోర్టూ ఆడిటర్ అంచనాను సమర్థించాయి. తీర్పు ఏదైనా, పద్ధతి అదే ఉండాలి. ఇరుపక్షాలూ బహిరంగంగా ఆధారాలు చూపిస్తాయి, న్యాయమూర్తి కారణాలు రాస్తారు, పై కోర్టు వాటిని పరిశీలిస్తుంది. ఒక అధికారి తన కార్యాలయంలో ఫైలు పక్కన పెట్టడంలో ఇవేవీ ఉండవు.

అయితే కోర్టుల పరిశీలన కూడా ఎంత లోతుగా ఉంటుందన్న విషయంలో నాకు అసంతృప్తి ఉంది. 2012లో పొగాకు పన్ను, కనీస వేతనం, పేడే రుణాల (జీతం వచ్చేదాకా అధిక వడ్డీకి తీసుకునే చిన్న అప్పుల) వడ్డీ పరిమితి అనే మూడు ప్రతిపాదనల మీద దావాలు సుప్రీంకోర్టుకు చేరాయి. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఆడిటర్ పని ప్రజాధనం రాబడి, ఖర్చులను తనిఖీ చేయడమే గాని, ఇంకా జరగని ఖర్చుకు అంచనా వేయడం కాదని వాదించినవారితో కింది కోర్టు ఏకీభవించింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి, అంచనా వేసే అధికారం ఆడిటర్‌కు ఉందని నిలబెట్టింది. ఆ ఫలితం నాకు సమ్మతమే. కానీ ఆ తీర్పుల వరుసలో స్థిరపడిన కొలమానం చాలా వదులుగా ఉంది. సారాంశం పక్షపాతంతో, మోసపూరితంగా, అన్యాయంగా లేకపోతే చాలు. ఇంతకంటే మంచి సారాంశం రాయవచ్చా అన్నది ప్రశ్న కాదు. ఆడిటర్ స్వయంగా పరిశోధన చేయాల్సిన అవసరమూ లేదు. శాఖలు పంపిన సమాధానాలను సేకరించి, అవి మరీ అసంబద్ధంగా లేకపోతే క్రోడీకరిస్తే సరిపోతుంది. 20 రోజుల్లో ఇంతకు మించి ఎవరైనా ఏం చేయగలరన్నది నిజమే. కానీ దీని ఫలితం ఎలా ఉంటుందో పూర్తి ఆర్థిక ప్రభావ పత్రం తెరిచి చదివితే తెలుస్తుంది.

2023 నాటి పత్రాన్ని నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను. శాఖ తర్వాత శాఖ, నగరం తర్వాత నగరం. చాలా జవాబులు ఒక్క వాక్యమే. తమ శాఖపై ప్రభావం లేదని ఒకరు, తమకు ప్రభావం తెలియదని మరొకరు. అంత పొడవైన పత్రంలో స్థానిక సంస్థల నుంచి వచ్చిన కచ్చితమైన డాలర్ల సంఖ్య స్ప్రింగ్‌ఫీల్డ్ నగరం ఉన్న గ్రీన్ కౌంటీది: జనాభా తగ్గితే పన్ను రాబడి తగ్గుతుందని లెక్కగట్టి వారు పంపిన 51 వేల డాలర్లు. అదే రాష్ట్రం మొత్తం మీద స్థానిక సంస్థలకు పడే కనీస భారంగా బ్యాలెట్ మీదికి ఎక్కింది. వందకు పైగా కౌంటీలు ఉన్న రాష్ట్రంలో ఒక కౌంటీ చెప్పిన సంఖ్యను అందరి తరఫున చెప్పడం గణాంకశాస్త్రం దృష్టితో చూస్తే బలహీనమైన పని. ఆడిటర్ "కనీసం" అని రాశారు కాబట్టి అబద్ధమేమీ కాదు. కానీ ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో బ్యాలెట్ చదివే ఓటరుకు తెలిసే మార్గం లేదు.

2024 నవంబరు ఎన్నికకు ముందు నమూనా బ్యాలెట్‌లో మూడో సవరణ (ఆ గర్భస్రావ హక్కు ప్రతిపాదనే) కింద ఉన్న చివరి వాక్యం నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బందిపెట్టింది. రాష్ట్ర సంస్థల మాటా, స్థానిక సంస్థల 51 వేల డాలర్ల మాటా చెప్పాక, రాష్ట్ర రాబడికి గణనీయమైన నష్టం జరగవచ్చని ప్రత్యర్థులు అంచనా వేస్తున్నారని అక్కడ రాసి ఉంది. మా ఇంట్లో అప్పుడే పౌరసత్వం వచ్చి మొదటిసారి ఓటు వేయబోతున్న మా వదినగారు ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇది ప్రభుత్వం చెప్పిన లెక్కా, ఎదుటివాళ్లు చెప్పిన మాటా?" అని అడిగారు. ఆవిడ ప్రశ్న నూటికి నూరుపాళ్లు సబబైనది. ప్రతిపాదనను సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ ఆడిటర్‌కు తమ అంచనాలు 10 రోజుల్లోపు పంపవచ్చని చట్టంలో ఉంది. అది మంచి ఏర్పాటే. కానీ పంపిన మాటను పరీక్షించకుండా, ఒక పక్షం మాటను మాత్రమే, అదీ సంఖ్య లేకుండా, ప్రభుత్వ సారాంశంలో చేరిస్తే దానికి అధికారిక లెక్క హోదా వచ్చేస్తుంది. కంపెనీ వార్షిక లెక్కల్లో ఆడిటర్ పరిశీలించని అంకెను పెట్టాల్సి వస్తే అది పరిశీలించనిదని పక్కనే రాయాలి. ఓటరుకు కనీసం అంత మర్యాద దక్కాలి. అటార్నీ జనరల్ నిజంగా భాషను పరిశీలించదలిస్తే, వాదనలా ఉండకూడదన్న షరతు కింద ఈ వాక్యం దగ్గరే ఆగి ఉండాల్సింది.

దీనికి ఎదురుగా 2012లో పొగాకు పన్ను ప్రతిపాదన కింద ముద్రించిన సారాంశాన్ని గుర్తుచేస్తాను. రాష్ట్రానికి ఏటా 28.3 కోట్ల నుంచి 42.3 కోట్ల డాలర్ల అదనపు రాబడి వస్తుందని అందులో రాశారు. కింది సంఖ్యకూ పై సంఖ్యకూ చాలా దూరం ఉంది. అయినా ఆ దూరమే ఓటరుకు నిజం చెబుతుంది. పన్ను పెరిగితే సిగరెట్ల అమ్మకాలు ఎంత తగ్గుతాయో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు కనుక అంచనా ఒక పరిధిగానే ఉండాలి. ఆ ప్రతిపాదన స్వల్ప తేడాతో ఓడిపోయింది, అది వేరే విషయం.

మిస్సోరిలో కనీసం అంచనా వేసే ఆడిటర్, దాన్ని చూసే అటార్నీ జనరల్ వేరువేరు వ్యక్తులు. ప్రతి ఒక్కరి పనికీ హద్దు ఉంది, ఆ హద్దు దాటితే కోర్టు ఆపింది. ఫ్లోరిడాలో పరిస్థితి ఇంకోలా ఉంది. అక్కడ అంచనా వేసేది నలుగురు సభ్యుల సమావేశం: గవర్నర్ కార్యాలయం నుంచి ఒకరు, శాసనసభ ఆర్థిక పరిశోధన విభాగం సమన్వయకర్త, సెనేట్ నుంచి ఒకరు, ప్రతినిధుల సభ నుంచి ఒకరు. గర్భస్రావ హక్కుపై వచ్చిన నాలుగో సవరణకు వారు 2023లో ఒక ప్రకటన తయారుచేశారు. ఆ తర్వాత చట్టపరమైన పరిస్థితి మారిపోయి ఆ ప్రకటన కాలం చెల్లిందని ప్రతిపాదకులు కోర్టుకు వెళితే, లియాన్ కౌంటీ న్యాయమూర్తి 2024 జూన్‌లో దాన్ని సవరించాలని ఆదేశించారు. ప్రభుత్వం అప్పీలు చేసింది. ఈలోగా శాసనసభ నాయకులు సమావేశాన్ని మళ్లీ పిలిపించారు. జూలైలో వచ్చిన కొత్త ప్రకటనలో గర్భస్రావాలు బాగా పెరిగి జననాలు తగ్గుతాయనీ, ప్రభుత్వ నిధులతో గర్భస్రావాలు చేయించాల్సి వస్తుందేమోనన్న అనిశ్చితి ఉందనీ, దావాల ఖర్చు బడ్జెట్ మీద పడుతుందనీ రాసి, చివరికి మొత్తం ఆర్థిక ప్రభావం తేల్చలేమన్నారు. తేల్చలేమని ఒక్క వాక్యంలో చెప్పాల్సిన చోట ఇంత వాదన ఎందుకు? ఇది అంచనా కాదు, ఓటరుతో వాదించడమే. ఆర్థిక ప్రకటనలను సలహా రూపంలో సమీక్షించే అధికారం తమకు లేదని ఫ్లోరిడా సుప్రీంకోర్టు 2019లోనే తేల్చుకుంది. 2024 ఆగస్టులో ప్రతిపాదకులు వేరే దారిలో వచ్చినా వారి పిటిషన్‌ను తిరస్కరించింది. ఆ ప్రకటనే బ్యాలెట్ మీద నిలిచింది. సవరణకు సుమారు 57 శాతం ఓట్లు వచ్చాయి. అక్కడ 60 శాతం కావాలి కాబట్టి ఓడిపోయింది. ప్రకటన వల్లనే ఓడిందని నేను అనను. కానీ దాన్ని అడ్డుకోగల న్యాయపరిశీలన అక్కడ లేకుండా పోయిందన్నది వాస్తవం.

ఓటింగ్ అయ్యాక కోర్టు సరిదిద్దుతుంది కదా అనుకునేవారికి స్విట్జర్లాండ్ అనుభవం చూపించాలి. 2016 ఫిబ్రవరిలో పెళ్లైనందువల్ల దంపతులపై పడే అదనపు పన్ను భారాన్ని తొలగించాలన్న ప్రజాప్రతిపాదన 50.8 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడిపోయింది. ఇద్దరూ సంపాదించే దంపతుల్లో సుమారు 80 వేల జంటలకే ఆ భారం ఉందని ప్రభుత్వం ఓటర్లకు చెప్పింది. అసలు సంఖ్య 4,54,000 అని 2018లో ప్రభుత్వమే ఒప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో ఫెడరల్ సుప్రీంకోర్టు ఆ ఓటింగును రద్దుచేసింది. ఆధునిక స్విట్జర్లాండ్‌లో జాతీయ స్థాయి ఓటింగును ఇలా రద్దుచేయడం అదే మొదటిసారి. కానీ 2024 ఆగస్టులో వృద్ధాప్య పింఛను లెక్కల్లో పెద్ద పొరపాటు బయటపడినప్పుడు, మహిళల పింఛను వయసును 65కు పెంచిన 2022 నాటి ఓటింగును రద్దుచేయాలన్న వినతులను అదే కోర్టు ఆ డిసెంబరులో తోసిపుచ్చింది. అప్పటికే చట్టం అమల్లోకి వచ్చేసింది. కుటుంబాలు తమ ఏర్పాట్లు చేసుకున్నాయి. జరిగిపోయిన ఓటును వెనక్కి తీసుకోవడం ఏ కోర్టుకైనా సాహసమే. అందుకే లెక్క సరిచూసుకోవడం ఓటుకు ముందే, సంతకాల సేకరణకు ముందే జరగాలి.

నా అభిప్రాయం ఇది. అంచనా వేసే అధికారి ఒకరు ఉండాలి. పద్ధతిని, ఏ శాఖ ఏ ఆధారంతో ఏ సంఖ్య ఇచ్చిందో ఒక పేజీలో ఓటరుకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఆయనదే కావాలి. న్యాయాధికారి పరిశీలన భాషకూ రూపానికీ పరిమితమై, గడువుకు కట్టుబడి ఉండాలి. సంఖ్య మీద అభ్యంతరం ఉన్న ఎవరికైనా, అటార్నీ జనరల్‌కైనా సరే, ఒకటే దారి ఉండాలి: కోర్టు. కోర్టు సైతం మోసం ఉందా లేదా అన్న దగ్గర ఆగిపోకుండా, ఈ సంఖ్యకు ఆధారం ఉందా అని అడగాలి. కొద్ది వారాల్లో తేల్చాలి. తెలియని చోట తెలియదని రాయడం ఆడిటర్‌కు అవమానం కాదు. ఆధారం లేని సంఖ్యను గానీ, ఒక పక్షం భయాన్ని గానీ సంతకం కింద దూర్చడమే అవమానం.

ఇది మన తెలుగు రాష్ట్రాలకు సంబంధం లేని విషయమని పాఠకులు అనుకోవచ్చు. మన దేశంలో పౌరులు నేరుగా చట్టాన్ని బ్యాలెట్‌కు తెచ్చే ఏర్పాటు లేదన్నది నిజం. కానీ ఎన్నికల హామీల ఖర్చు విషయంలో ఇదే ప్రశ్న మన గుమ్మం దాకా వచ్చింది. తమిళనాడు ఉచిత వాగ్దానాల కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత, వాగ్దానాలకు నిధులు ఎలా సమకూరుస్తారో మేనిఫెస్టోలో స్థూలంగా చెప్పాలన్న మాట ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోకి వచ్చింది. 2022 అక్టోబరులో ఎన్నికల సంఘం ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి హామీకి అయ్యే ఖర్చునూ దానికి నిధుల మార్గాన్నీ ఒక నిర్ణీత నమూనాలో వెల్లడించాలని పార్టీలకు ప్రతిపాదించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సంక్షేమ హామీలే ఎన్నికలను నడిపిస్తున్న ఈ రోజుల్లో ఆ నమూనా ఎప్పుడో ఒకప్పుడు అమల్లోకి వస్తే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది: ఆ లెక్కను ఎవరు పరిశీలిస్తారు, ఆ పరిశీలనాధికారి లెక్క నచ్చలేదని హామీని ఆపగలరా? జవాబు ముందే రాసుకోకపోతే మిస్సోరిలో జరిగినట్టే ఒక సంతకం దగ్గర అంతా ఆగిపోతుంది. ఆ నమూనాపై మీ పత్రిక వివరంగా చర్చ నడపాలని కోరుతున్నాను.

మిస్సోరిలో ఉన్న తెలుగు ఓటర్లకు ఒక విన్నపం. 2024లో సుమారు 51.6 శాతం ఓట్లతో నెగ్గిన ఆ మూడో సవరణను మార్చే కొత్త సవరణను మళ్లీ ప్రజల ముందు పెట్టాలని శాసనసభ 2025 మేలో తీర్మానించింది. దాని కింద కూడా ఖర్చు సారాంశం ఉంటుంది. మీరు ఏ పక్షమైనా సరే, ఆ 50 పదాలతో సరిపెట్టుకోకండి. పూర్తి ఆర్థిక ప్రభావ పత్రం ఆడిటర్ కార్యాలయం వెబ్‌సైటులో దొరుకుతుంది. అందులో ఏ కౌంటీ, ఏ శాఖ, ఏ ఆధారంతో ఆ సంఖ్య చెప్పిందో చూసి, ఆ తర్వాతే ఓటు వేయండి.

భవదీయుడు,
మీ పాఠకుడు,
సెయింట్ లూయిస్ కౌంటీ, మిస్సోరి